వంతెన దాటితే ఆగిపోయే చప్పుడు

వానలు తగ్గి పొద్దున పూట కాస్త చల్లగాలి తగులుతున్న రోజుల్లో మా కారు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో తేలడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నేను ఎంతమందితో తగవు పడ్డానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే విసుగొస్తుంది.

ముందు ఆ కారు మా ఇంటికి ఎందుకు వచ్చిందో చెప్పాలి. మేము సూరత్‌లో, పర్వత్ పాటియాలో ఉంటాం. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి సాంచాలు నడపడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కరెంటు మగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. నేను పుట్టిందీ చదివిందీ ఈ ఊళ్లోనే. మా ఆయన లింబాయత్‌లో ఒక సాంచాల కార్ఖానాలో మేస్త్రీ. నేను రింగ్ రోడ్ మార్కెట్ నుంచి చీరల కట్టలు తెచ్చి, మా చుట్టుపక్కల ఇళ్లలోని ఆడవాళ్లకు లేసు కుట్టడానికీ దారాలు కత్తిరించడానికీ పంచుతాను. పని అయ్యాక మళ్లీ మార్కెట్‌కు చేరుస్తాను. చాలా ఏళ్లు ఇదంతా ఆటోలోనే చేశాను, ఒళ్లో ఒక కట్ట, కాళ్ల కింద ఒక కట్ట పెట్టుకుని. ముప్పై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, ఎవరో పదిహేనేళ్లు వాడేసిన చిన్న పెట్రోల్ కారు కొనుక్కున్నాను. ఇంట్లో దాన్ని నడిపేది నేనొక్కదాన్నే. ఏ తలుపు ఎలా కిర్రుమంటుందో, ఏ గేరులో ఎంత మూలుగుతుందో నాకు తెలుసు. అందుకే కొత్త చప్పుడు రాగానే పట్టేశాను.

పొద్దున స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి టిక్ టిక్ టిక్ అని వచ్చేది. యాక్సిలరేటర్ తొక్కితే వేగం పెరిగేది, వదిలితే నెమ్మదించేది. మా అపార్ట్‌మెంట్ల సొసైటీ గేటు దాటి, మెయిన్ రోడ్డు ఎక్కి, ఇక్కడ ఖాడీ అనే పెద్ద కాలువ మీది వంతెన దాటేదాకా నాతోపాటే వచ్చేది. వంతెన దాటాక ఎప్పుడు ఆగిపోయేదో తెలిసేది కాదు. ఇక ఆ రోజంతా ఎంత తిరిగినా దాని జాడ ఉండేది కాదు. మర్నాడు పొద్దున మళ్లీ హాజరు.

మొదటి వారంలోనే మా ఆయన్ని కిందికి పిలిచి బానెట్ ఎత్తి చూపించాను.

"జర ఇను. ఇనవడ్తుందా?"

"ఏంది?"

"టిక్ టిక్ మంటుంది గద!"

ఆయన ఒక నిమిషం తల వంచి నిలబడ్డాడు. "బండి అన్నంక గంత సప్పుడు చెయ్యదా? గదేం లేదు, నడ్పు."

నాకు మండిపోయింది. కార్ఖానా బయట చాయ్ తాగుతూ, లోపల నడుస్తున్న అన్ని సాంచాల్లో ఏది లయ తప్పిందో చెప్పగల మనిషి. చాయ్ గ్లాసు పక్కన పెట్టి లోపలికి పోయి సరిగ్గా ఆ సాంచానే ఆపుతాడని ఆయన కింద పనిచేసేవాళ్లు గొప్పగా చెప్తారు. అలాంటి మనిషికి మూడడుగుల దూరంలో ఉన్న ఇంజిన్ చప్పుడు వినపడదట.

"సాంచా అయితే చెప్త గని, గీ మోటరు సంగతి నాకేం తెల్వది. ఎవనికన్న సూపియ్యి," అని మెట్లెక్కి పోయాడు.

చూపించాను. మొదటి మెకానిక్ మా మెయిన్ రోడ్డు మీదే ఉన్నాడు. నన్ను చూడగానే, "బెన్, భాయ్ రాలేదా?" అని అడిగాడు. బెన్ అంటే ఇక్కడ అక్క అని, భాయ్ అంటే మా ఆయన. రాలేదన్నాను. చప్పుడు గురించి చెప్పాను. అంతా విని, "భాయ్ ఏమంటున్నారు, చప్పుడు ఉందనేనా?" అన్నాడు. ఆయనకు వినపడలేదని నిజమే చెప్పాను. అతను నవ్వాడు. ఆ నవ్వుతో నా మాటకున్న విలువేంటో తేలిపోయింది.

అయినా బానెట్ ఎత్తి, ట్యాపెట్లు వదులై ఉంటాయన్నాడు. ఇంజిన్ పైభాగంలో వాల్వులను తట్టి తెరిచే ముక్కల్ని ట్యాపెట్లంటారని అప్పుడే తెలిసింది. అరగంట కూర్చోబెట్టి వాటిని బిగించాడు. తర్వాత స్టార్ట్ చేసి, "చూశారా, పోయింది," అన్నాడు. నాకూ వినపడలేదు. ఎలా వినపడుతుంది? నేను ఆ షాపుకు వచ్చిందే వంతెన అవతల ఊరంతా తిరిగి. మర్నాడు పొద్దున తాళం తిప్పగానే టిక్ టిక్ టిక్.

మళ్లీ వెళ్లాను. "పాత బండి కదా బెన్. వయసు మీద పడితే మనిషి మోకాళ్లు కూడా చప్పుడు చేస్తాయి," అన్నాడు.

రెండో మెకానిక్ ట్యాపెట్ల మాట వినగానే పెదవి విరిచాడు. ఆయిల్ పలచబడిందని చెప్పి చిక్కటి ఆయిల్ పోశాడు. దాంతో చప్పుడు పోలేదు సరికదా, పొద్దున బండి స్టార్ట్ కావడానికి మొరాయించడం మొదలుపెట్టింది. అది చెప్తే, "రోజూ కాసేపు వేడెక్కనిచ్చి తీయండి," అన్నాడు. వేడెక్కితే చప్పుడే ఉండదు, అదే కదయ్యా నేను మొత్తుకుంటున్నది అన్నాను. అయితే ఇంకేం, వేడెక్కనివ్వండి అన్నాడు.

నా మాట ఎవరూ నమ్మడం లేదని ఫోన్లో రికార్డు చేశాను. ఆ సమయానికే సొసైటీ వాటర్ మోటర్ నడుస్తోంది, రేకుల మీద పావురాలు గోల చేస్తున్నాయి. అయినా జాగ్రత్తగా వింటే టిక్కు టిక్కు తెలుస్తూనే ఉంది. అన్నం దగ్గర మా ఆయనకు వినిపించాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటూనే, "గిది మా కార్ఖానల తీసినవా?" అని అడిగాడు. నేను ఫోన్ బోర్లా పెట్టి లేచిపోయాను.

మూడోది పెద్ద వర్క్‌షాప్. అద్దాల గది, అందులో సోఫా, చాయ్ మిషను. కారుకు కంప్యూటర్ తగిలించి, ఏ లోపమూ చూపించడం లేదన్నారు. చప్పుడు ఉన్నప్పుడు తీసుకురమ్మన్నారు. చప్పుడు మా ఇంటి దగ్గర, పొద్దున పూటే ఉంటుందన్నాను. అయితే పొద్దున్నే రమ్మన్నారు. ఇక్కడికి చేరేలోగా ఆగిపోతుందన్నాను. కౌంటర్ దగ్గరున్న అతను నా వైపు ఓపిగ్గా చూసి, కాగితం మీద ఒక ముక్క రాసి సంతకం పెట్టమన్నాడు. 'కస్టమర్ చప్పుడు అంటున్నారు, చప్పుడు లేదు' అని ఉంది దాని మీద.

ఎలాగైనా సరేనని బండి అక్కడే వదిలేశాను. రేపు పొద్దున నేను వచ్చేదాకా ఎవరూ స్టార్ట్ చేయకూడదని ఒకటికి మూడుసార్లు చెప్పాను. చేయం అన్నారు. మర్నాడు తొమ్మిదింటికి ఆటో దిగేసరికి బండి తళతళ మెరుస్తూ గేటు దగ్గర నిలబడి ఉంది. బళ్లు కడిగే అతను పొద్దున్నే దాన్ని వెనక నుంచి ముందుకు తెచ్చి, కడిగి, ఆరడానికి ఇంజిన్ నడుస్తూనే వదిలేశాడట. మంచికే చేశాడు పాపం. బానెట్ మీద చెయ్యి పెడితే రొట్టె పెనంలా కాలింది. మెకానిక్ స్టార్ట్ చేసి, చెవి దగ్గర చెయ్యి దొప్పలా పెట్టి, "ఏదీ మేడమ్, ఎక్కడ?" అన్నాడు. నేను అక్కడ తెలుగులో మొదలుపెట్టి, హిందీలోకి పోయి, గుజరాతీలో ముగించాను. అద్దాల గదిలో చాయ్ తాగుతున్నవాళ్లంతా లేచి చూశారు. ఆ తర్వాత ఆ వర్క్‌షాప్ ఉన్న రోడ్డులోకే పోలేదు.

ఇంత జరిగాక నాకే అనుమానం పట్టుకుంది. ఫ్యాన్ తిరిగినా టిక్కుమన్నట్టే ఉండేది, కుట్టు మిషను తొక్కినా అంతే. నాతో పనిచేసే ఒకావిడ, "అమ్మేసెయ్యరాదు అక్కా, పీడ పోతది," అంది. అమ్మితే కొనేవాడికి వినపడుతుందా లేదా అని ఆలోచించాను. వినపడితే బావుండనిపించింది. కనీసం ఒక్క మనిషన్నా అవునంటాడు కదా.

అప్పటికి చలికాలం వచ్చింది. మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. వారానికి మూడు రోజులు పొద్దున్నే కాలికి ఎక్సర్‌సైజులు చేయించే చోటుకు తీసుకుపోవాలి. అత్తమ్మ వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చునేది. చలికి ఆమె వైపు అద్దాలు మూసేదాన్ని. నా పక్క అద్దం మాత్రం దించి, చప్పుడు వినడానికి తల బయటికి వంచి నడిపేదాన్ని. అత్తమ్మ బయల్దేరగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఒకసారి "ఏందో వాసనొస్తుంది," అంటే ముందు పోతున్న టెంపో పొగ అన్నాను. నిజానికి ఆమెకు నా డ్రైవింగ్ నచ్చదనుకున్నాను. కోడలు స్టీరింగ్ పట్టుకోవడం చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న మనుషులు మా చుట్టాల్లో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు.

ఒక రోజు పార్కింగ్‌లో నేను వెనక తలుపు తెరిచి నిలబడితే అత్తమ్మ ఎక్కలేదు.

"నేను ఆటోల పోత," అంది.

"ఎందుకు? నేను నడిపితె భయమైతుందా?"

"భయం కాదు, ఏం కాదు. నీ బండ్ల కూసుంటె తల్కాయ దిమ్మెక్కుతుంది. దిగినంక ఆడ ఎక్సర్‌సైజు ఏం జేస్త? కడుపుల తిప్పినట్టైతది."

"నాకేం కాదు, నీకే ఎందుకైతది అత్తమ్మా? నేనూ గిదే బండ్ల కూసుంట గద."

"నాకెరుకనా? పొగ వాసనొస్తది. ఎన్నిసార్లు చెప్పిన నీకు."

నాలుగు నెలల కోపం ఆమె మీద పడింది. "ఇప్పటిదాక సప్పుడు సప్పుడు అని నేను తిరుగుతుంటె ఎవ్వలకు ఇనవడలే. ఇప్పుడు నువ్వు వాసన తెచ్చినవా? ఇంకేం మిగిలింది? గట్లనే అను, బండి అమ్మేస్త," అని అరిచాను. వాచ్‌మన్ చీపురు ఆపి మా వైపు చూశాడు.

అత్తమ్మ చేతికర్ర మీద బరువు వేసి నిలబడింది. గొంతు పెంచలేదు.

"నీకు ఇనవడింది నిజమైతె, నాకు వాసనొచ్చింది అబద్దమెట్లైతది పిల్లా? నీ సప్పుడు లేదని నేనెన్నడన్న అన్ననా?"

అనలేదు. ఇంట్లో ఆమె ఒక్కతే ఆ మాట అనలేదు. నాకు తల తీసేసినట్టైంది. మెకానిక్‌లు నాతో ఎలా మాట్లాడారో, సరిగ్గా అలాగే నేను ఈమెతో మాట్లాడాను. "ఎప్పుడొస్తది వాసన?" అని అడిగాను.

"స్టార్ట్ జేసినప్పుడు బగ్గ వస్తది. ఖాడీ దాటినంక ఇగ రాదు."

నా చప్పుడు ఆగేదీ అక్కడే. నేను కారు తలుపు మూసేశాను. తర్వాత తాళం చేతిలోనే ఉంచుకుని, గేటు బయట ఆటో పిలిచి, ఇద్దరం అందులోనే వెళ్లాం.

ఆ మధ్యాహ్నమే షేర్ ఆటో ఎక్కి లింబాయత్ పోయాను. మా ఆయన కార్ఖానా ఉన్న గల్లీ మలుపులో సైలెన్సర్లు వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటారు. పొగ అంటే సైలెన్సర్ పనే కదా అని ఆయన దగ్గరికి వెళ్లాను. రెండు వైపులా సాంచాల మోత. ఆ మోతలో చప్పుడు గురించి చెప్పడానికి నేను చప్పుడు కన్నా గట్టిగా అరవాల్సి వచ్చింది. ఆయన భాయ్ ఏడని అడగలేదు. కళ్లజోడు తీసి, "స్టార్ట్ చేసిన ఎంతసేపటికి ఆగుతుంది?" అన్నాడు.

ఈ నాలుగు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. వంతెన సంగతి, వాసన సంగతి, అత్తమ్మ తలనొప్పి సంగతి అన్నీ చెప్పాను.

"అమ్మను అందులో మళ్లీ ఎక్కించకండి. రేపు పొద్దున ఏడింటికి నేనే వస్తా. అప్పటిదాకా బండి ముట్టుకోవద్దు," అన్నాడు.

మర్నాడు ఆరున్నరకే కిందికి దిగి కారు పక్కన కాపలా నిలబడ్డాను. ఏడు దాటింది. ఏడున్నర దాటింది. ఉస్తాద్ రాలేదు. ఇంతలో పై అంతస్తు ఆయన ఆఫీసుకు బయల్దేరి, నా కారు వెనక తన మోటార్‌సైకిల్ ఇరుక్కుందని, కాస్త ముందుకు తీయమన్నాడు. స్టార్ట్ చేయకూడదన్నాను. ఎందుకన్నాడు. చల్లగా ఉండాలన్నాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. చివరికి నేను లోపల స్టీరింగ్ పట్టుకుంటే ఆయనా వాచ్‌మనూ వెనక నుంచి తోశారు. ఇస్త్రీ షర్టు నలిగిందని ఆయన గొణుక్కుంటూ పోయాడు. ఈ రోజుకీ లిఫ్ట్‌లో ఎదురుపడితే "బండి చల్లగా ఉందా?" అంటాడు.

ఉస్తాద్ ఎనిమిదిన్నరకు స్కూటర్ మీద వచ్చాడు. ఆలస్యానికి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. తిట్టడానికి కూడా భయపడ్డాను, వెనక్కి పోతాడేమోనని. సంచీలోంచి గజం పొడుగు రబ్బరు గొట్టం తీసి, ఒక కొస చెవిలో పెట్టుకుని స్టార్ట్ చేయమన్నాడు. టిక్ టిక్ టిక్. రెండో కొసను ఇంజిన్ పైన పెట్టాడు, పక్కన పెట్టాడు, తర్వాత మెల్లగా వెనక వైపుకు, ఒక తుప్పు రేకు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ ఆగి, కళ్లు మూసుకుని, తల ఊపాడు.

"రండి బెన్, వినండి."

గొట్టం నా చెవికి పెట్టాడు. అది టిక్కు టిక్కు కాదు. ఎవరో పళ్ల సందులోంచి ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నట్టుంది. వెచ్చటి గాలి గొట్టంలోంచి నా చెవికి తగిలింది. ఇంజిన్ ఆపించి, ఆ రేకు విప్పి పక్కన పెట్టాడు. కింద ఇనుము మీద నల్లటి మసి, పొయ్యి గోడకు పట్టినట్టు చారగా పట్టి ఉంది. అక్కడ ఉండాల్సిన బోల్టు ఒకటి విరిగి సగమే మిగిలింది.

పొగ ఇంజిన్ నుంచి సైలెన్సర్‌లోకి దిగే చోటది. బోల్టు విరిగి సందు ఏర్పడింది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ కొట్టుకుంటూ బయటికి వస్తుంది. ఇనుము వేడెక్కి ఉబ్బితే సందు మూసుకుపోతుంది. అందుకే వంతెన దాటితే చప్పుడూ లేదు, వాసనా లేదు. కారు లోపలికి గాలి పీల్చే దారి ఆ పక్కనే ఉంది. ఉస్తాద్ ఇదంతా చెప్పి, "మీరు అద్దం దించుకుని కూర్చున్నారు, మీకేం కాలేదు. వెనక అమ్మ అద్దాలు మూసుకుని కూర్చుంది. ఈ పొగతో ఆటలొద్దు బెన్, ప్రాణాలు పోతాయి," అన్నాడు. బాల్కనీలోంచి అత్తమ్మ కిందికి చూస్తోంది.

ముగ్గురు మెకానిక్‌లలో ఒక్కడు కూడా ఆ రేకు విప్పలేదు. నాలుగు స్క్రూలు.

ఇక్కడితో కథ ముగియాలి కానీ, పాత ఇనుముతో అంత తేలిగ్గా కాదు. మూడు రోజుల పని అన్న ఉస్తాద్ తొమ్మిది రోజులు చేశాడు. విరిగిన బోల్టు తీయబోతే పక్క బోల్టు విరిగింది. అది తీస్తే సరైన కొలత బోల్టు దొరకలేదు. ఆ తొమ్మిది రోజులూ చీరల కట్టలు మళ్లీ ఒళ్లో పెట్టుకుని ఆటోల్లో తిరిగాను. ఫోన్ చేసినప్పుడల్లా "రేపు" అనేవాడు. సరైన రోగం కనిపెట్టినవాడు కాబట్టి పళ్లు బిగపట్టి ఊరుకున్నాను.

కారు వచ్చిన మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేశాను. మెత్తగా గుర్రుమంది, అంతే. మా ఆయన్ని కార్ఖానా దగ్గర దించడానికి ఎక్కించుకున్నాను. గేటు దాటగానే ఆయన, "ఇప్పుడు మంచిగుంది. మునుపటి సప్పుడు పోయింది," అన్నాడు.

బ్రేక్ వేశాను. "ఏ సప్పుడు?"

"గదే, టిక్ టిక్."

"నీకు ఇనవడ్డదా?"

ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ, "ఇనవడ్డదంటె నన్నే మంచిగ జెయ్యమంటవాయె. నాకు మోటరు పని రాదని కార్ఖానల అందరికి తెలుస్తది," అన్నాడు. వెనక నుంచి హారన్లు మోగుతున్నాయి. గేరు వేశాను. లింబాయత్ చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత రెండు రోజులు కూడా.

అత్తమ్మకు మాత్రం ఆ రోజే చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, "తప్పైంది అత్తమ్మా. నువ్వు చెప్తే ఇనలే," అన్నాను.

"అయ్యిందేదో అయ్యింది తియ్యి," అంటూ చిక్కుడుకాయల గిన్నె నా వైపు జరిపింది.

మర్నాడు ఆమె ఎక్సర్‌సైజులకు వెళ్లే రోజు. నేను ముందే కిందికి దిగి, వెనక సీటు తుడిచి, దిండు వేసి పిలిచాను. అత్తమ్మ కర్ర పట్టుకుని నెమ్మదిగా నా కారు పక్క నుంచే గేటు వైపు నడిచింది. గేటు బయట షేర్ ఆటోలో అప్పటికే ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. వాళ్లూ మోకాళ్ల వాళ్లేనట. బండి రిపేరులో ఉన్న తొమ్మిది రోజుల్లో ఆటోలో స్నేహమైంది.

"బండి మంచిగైంది గద అత్తమ్మా, వాసన రాదు, రా!" అని అరిచాను.

"ఉండనీ బిడ్డా. ఆటోల ముచ్చట్లుంటయి," అని చేయి ఊపి, వాళ్ల మధ్య సర్దుకుని కూర్చుంది.